పై గీత కొట్టేయండి: న్యూజిలాండ్‌లో బీరుకూ బ్యాలెట్‌కూ వందేళ్ల పంచాయితీ

క్లుప్తంగా: న్యూజిలాండ్ వలస సమాజంలో బీరు పరిశ్రమా, మద్య వ్యతిరేక ఉద్యమమూ దాదాపు ఒకే ఈడువి. మహిళలకు ఓటు రావడం వెనక ఈ ఉద్యమం బలం చాలా ఉంది. 1894 నుంచి 1999 దాకా ఏదో ఒక రూపంలో మద్యం ఉండాలా వద్దా అన్నది అక్కడి ప్రజలు ఓటేసి తేల్చుకున్నారు. దేశమంతటా నిషేధం ఎన్నడూ రాలేదు, కానీ 1911లోనూ 1919లోనూ గుమ్మం దాకా వచ్చింది. అది రాకపోవడానికి ప్రజల ఇష్టం ఎంత కారణమో, ఓట్లు లెక్కించే పద్ధతీ అంతే కారణం.

ఆక్లాండ్ పశ్చిమ శివార్లలో కొత్తగా కాపురం పెట్టిన తెలుగు కుటుంబాలకు మొదటి నెలలోనే ఒక సందేహం వస్తుంది. ఊళ్లో మిగతా చోట్ల సూపర్‌మార్కెట్‌లో పాలు, బ్రెడ్డు కొన్నట్టే బీరూ, వైనూ కొనుక్కోవచ్చు. ఈ పశ్చిమ శివార్లలో మాత్రం అవి ఉండవు. అవి కావాలంటే 'ట్రస్టు' నడిపే దుకాణానికి వెళ్లాలి. భారతీయులు ఎక్కువగా ఉండే మౌంట్ రాస్కిల్‌ది మరో కథ. అది 1999 దాకా 'పొడి' ప్రాంతం, అంటే మద్యం లైసెన్సులు ఇవ్వకూడదని ఓటర్లు తీర్మానించిన ప్రాంతం. ఒకే నగరంలో పేటకో రూలు ఎందుకుందో తెలియాలంటే చాలా ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

ఓడ మీద కాచిన బీరు

ఈ దీవుల్లో తొలి బీరు తాగుడు సరదా కోసం కాచింది కాదు. 1773 మార్చిలో కెప్టెన్ జేమ్స్ కుక్ తన 'రిజల్యూషన్' ఓడను దక్షిణ దీవిలోని డస్కీ సౌండ్‌లో ఆపాడు. నెలల తరబడి సముద్రం మీద గడిపిన నావికులకు తాజా తిండి లేక వచ్చే స్కర్వీ జబ్బు రాకుండా ఉండాలని రిము చెట్టు కొమ్మలు, మానుకా ఆకులు మరిగించి, వాటికి మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ) పాకం, మొలాసిస్ (చక్కెర మడ్డి) కలిపి పులియబెట్టించాడు. ఆయన దృష్టిలో అది మందు.

అప్పటిదాకా ఆ దీవుల మూలవాసులైన మావోరీలకు మద్యమే తెలియదు. పులియబెట్టి తాగే అలవాటు లేని సమాజాలు ప్రపంచంలో కొన్నే. వాటిలో అదొకటి. తర్వాత యూరోపియన్లు తెచ్చిన సారాయికి వాళ్లు పెట్టిన పేరు 'వైపిరో'. కంపు నీళ్లు అని అర్థం. 1830ల్లో ఉత్తరాన కోరోరారెకా రేవు తిమింగలాల వేటగాళ్ల తాగుడుకు పేరుమోసింది. 1835లో జోయెల్ పొలాక్ అనే వ్యాపారి అక్కడ బ్రూవరీ, అంటే బీరు కాచే కార్ఖానా, పెట్టాడు. మరుసటి ఏడే, అదే బే ఆఫ్ ఐలండ్స్‌లో మద్య వ్యతిరేక సంఘం తొలి సమావేశం జరిగింది. 1840లో బ్రిటిష్ వాళ్లకూ మావోరీ నాయకులకూ మధ్య వైతాంగి ఒడంబడిక కుదిరి, దేశం బ్రిటిష్ వలసగా మారకముందే ఈ పోరులో రెండు పక్షాలూ మోహరించాయన్నమాట.

బంగారం, బార్లీ, హాప్స్

1861లో ఒటాగో ప్రాంతంలోని గేబ్రియల్స్ గల్లీలో బంగారం బయటపడింది. ఆస్ట్రేలియా, కాలిఫోర్నియా గనుల నుంచి జనం పోటెత్తారు. 1858లో 60 వేల లోపున్న యూరోపియన్ జనాభా 1881కి 4.9 లక్షలకు చేరింది. 1870ల్లో ప్రభుత్వం అప్పులు తెచ్చి, రైల్వేలు వేసి, ప్రయాణ ఖర్చులు తానే పెట్టుకుని వలసదారులను రప్పించడం ఇందుకు మరో కారణం. వచ్చినవాళ్లలో పెళ్లికాని మగవాళ్లు ఎక్కువ. గనుల్లో, అడవుల్లో, గొర్రెల క్షేత్రాల్లో, రైలు పనుల్లో వాళ్ల బతుకు.

ఈ జనానికి ఇంగ్లండ్ నుంచి బీరు తెప్పించడం గిట్టుబాటయ్యేది కాదు. బీరంటే ఎక్కువ భాగం నీళ్లే. పీపాల కొద్దీ నీళ్లను మూడు నెలలు ఓడలో మోసుకొస్తే కిరాయే తడిసి మోపెడవుతుంది, పైగా దారిలో పాడయ్యే భయం. బ్రాందీ, విస్కీల్లాంటి ఘాటు సరుకుకు ఆ ఇబ్బంది లేదు. తక్కువ చోటులో ఎక్కువ మత్తు పడుతుంది. తొలినాళ్లలో వలస సమాజం ఘాటు సరుకే తాగడానికి ఈ రవాణా లెక్క ఒక ముఖ్య కారణం.

స్థానికంగా ముడిసరుకు దొరకడంతో లెక్క మారింది. దక్షిణ దీవి మైదానాల్లో బార్లీ బాగా పండింది. నెల్సన్ ప్రాంతంలో 1840ల్లో దిగిన ఇంగ్లిష్, జర్మన్ రైతులు బీరుకు చేదూ వాసనా ఇచ్చే హాప్స్ పూల తోటలు వేశారు. మంచి నీటి ఊటలున్న ప్రతి పట్నంలోనూ ఒక బ్రూవరీ లేచింది. గుర్రపు బండి ఒక రోజులో వెళ్లి రాగలిగినంత దూరమే దాని మార్కెట్. 1876లో డునెడిన్‌లో జేమ్స్ స్పైట్, చార్ల్స్ గ్రీన్‌స్లేడ్, విలియం డాసన్ కలిసి పెట్టిన 'స్పైట్స్' ఆ తరానిదే. రైలు మార్గాలు పెరిగాక ఇలాంటివి పక్క జిల్లాలకూ పాకాయి.

పబ్ అంటే అప్పట్లో తాగే చోటు మాత్రమే కాదు. ప్రయాణికులకు పడక, తిండి, గుర్రానికి మేత దొరికేది అక్కడే. మీటింగులు జరిగేదీ అక్కడే. బ్యాంకు లేని పల్లెల్లో నెలల కూలీ చెక్కును నగదుగా మార్చేది కూడా పబ్ యజమానే. ఈ చివరి సౌకర్యమే చాలామంది కొంప ముంచింది. చెక్కు యజమాని చేతిలో పెట్టిన కూలివాడు అది కరిగిపోయేదాకా అక్కడే తాగేవాడు. కుటుంబం ఉన్నవాడైతే ఆ నెల ఇంట్లో పస్తులే.

ఆడవాళ్లకు ఇది చట్టం గొడవ

మద్య వ్యతిరేక ఉద్యమాన్ని మతపెద్దల నీతిబోధగా చూడటం మామూలు. మెథడిస్టు, ప్రెస్బిటీరియన్ చర్చిల పాత్ర పెద్దదే. కానీ ఉద్యమానికి వేడి పుట్టించింది ఆస్తి చట్టం. 1884లో వివాహిత మహిళల ఆస్తి చట్టం వచ్చేదాకా భార్య సంపాదించిన కూలి కూడా చట్టం ప్రకారం భర్తదే. భర్త తాగి తగలేస్తే ఆమెకు అడిగే హక్కు లేదు. విడాకులు మహా కష్టం. పుట్టింటివాళ్లేమో సముద్రాల అవతల. వలస సమాజంలో ఆడదానికి ఆదుకునే బంధువర్గం లేకపోవడం ఈ కష్టాన్ని రెట్టింపు చేసింది.

1885లో అమెరికా నుంచి మేరీ లెవిట్ వచ్చి ఊరూరా మహిళా క్రైస్తవ మద్య వ్యతిరేక సంఘం శాఖలు పెట్టించారు. లివర్‌పూల్‌లో పుట్టి క్రైస్ట్‌చర్చ్‌లో స్థిరపడిన కేట్ షెపర్డ్ 1887లో ఆ సంఘం ఓటుహక్కు విభాగం బాధ్యత తీసుకున్నారు. బార్లలో మద్యం అందించే పనికి ఆడవాళ్లను (బార్‌మెయిడ్లను) పెట్టకూడదనో, మైనర్లకు మద్యం అమ్మకూడదనో ఈ మహిళలు పెట్టుకున్న అర్జీలను పార్లమెంటు పక్కన పడేసింది. ఓటు లేనివాళ్ల అర్జీకి విలువ లేదని వాళ్లకు అక్కడే తెలిసొచ్చింది. 1891లో 9 వేల పైచిలుకు, 1892లో దాదాపు 20 వేలు, 1893లో దాదాపు 32 వేల సంతకాలు సేకరించారు. మూడోసారి ఆ కాగితాలన్నీ ఒకదాని కింద ఒకటి అంటిస్తే 270 మీటర్ల చుట్ట అయింది. జాన్ హాల్ అనే సభ్యుడు దాన్ని సభలో నేల మీద దొర్లించారు.

మద్యం వ్యాపారులూ చేతులు కట్టుకు కూర్చోలేదు. ఆడవాళ్లకు ఓటొస్తే పబ్‌లు మూతపడటం ఖాయమని వాళ్ల లెక్క. డునెడిన్ సభ్యుడు హెన్రీ ఫిష్ డబ్బిచ్చి మనుషులను పెట్టి వ్యతిరేక సంతకాలు చేయించారు. వాటిలో దొంగ సంతకాలు బయటపడి పరువు పోయింది. ప్రధాని రిచర్డ్ సెడన్ స్వయంగా కుమారా అనే బంగారు గనుల ఊళ్లో పబ్ నడిపిన మనిషి. బిల్లు ఎగువ సభలో ఓడిపోతుందన్న ధీమాతో ఉన్న ఆయన, గెలిచేలా ఉందని తెలియగానే తన పార్టీ సభ్యుడొకరితో ఓటు మార్పించారు. ఈ జోక్యం చూసి ఒళ్లు మండిన ఇద్దరు ప్రతిపక్ష సభ్యులు బిల్లుకు అనుకూలంగా ఓటేశారు. 20–18తో అది నెగ్గింది. 1893 సెప్టెంబరు 19న గవర్నర్ సంతకం పడింది. జాతీయ ఎన్నికల్లో మహిళలందరికీ ఓటిచ్చిన తొలి స్వపరిపాలిత దేశం న్యూజిలాండ్ అయింది. ఆ నవంబరులో జరిగిన ఎన్నికల్లో, నమోదైన మహిళల్లో 80 శాతం పైగా పోలింగ్ కేంద్రాలకు వచ్చారు.

ఓటులో దాగిన లెక్క

అదే 1893లో సెడన్ మద్యం అమ్మకాల నియంత్రణ చట్టం తెచ్చారు. ఉద్యమకారులు అడిగింది సగానికి మించి ఓట్లొస్తే చాలు, లైసెన్సులు రద్దు కావాలని. సెడన్ చట్టం ఓటు ఇచ్చింది గానీ దానికి కళ్లెం బిగించింది. ప్రతి నియోజకవర్గమూ ఒక లైసెన్సు జిల్లా. ఓటరు ముందు మూడు దారులు: ఉన్నది ఉన్నట్టు ఉంచడం, తగ్గించడం, పూర్తిగా ఎత్తేయడం. పూర్తిగా ఎత్తేయాలంటే పోలైన ఓట్లలో 60 శాతం రావాలి. నమోదైన ఓటర్లలో కనీసం సగం మంది ఓటేయాలి.

1894 మార్చిలో జరిగిన తొలి పోల్‌లో చాలా చోట్ల ఈ సగం నిబంధన వల్లే ఫలితం చెల్లలేదు. దక్షిణాన క్లూథా ఒక్కటే పొడి జిల్లా అయింది. మరుసటి ఏడాది చట్టాన్ని సవరించి, మద్యం పోల్‌ను సాధారణ ఎన్నికల రోజే పెట్టారు. దాంతో జనం ఎలాగూ వస్తారు. 1908 నాటికి 12 నియోజకవర్గాలు పొడిబారాయి.

బ్యాలెట్ మీద తమకు వద్దనుకున్న గీతను కొట్టేయాలి. 'మద్యం కొనసాగాలి' అన్నది పై గీత. అందుకే 'పై గీత కొట్టేయండి' అన్నది దశాబ్దాల పాటు ఉద్యమ నినాదమైంది. గోడల మీదా, కరపత్రాల మీదా, ఊరేగింపు జెండాల మీదా అదే మాట.

పొడి జిల్లాల్లో తాగుడు ఆగిపోయిందా? తగ్గింది, కానీ ఆగలేదు. జిల్లా సరిహద్దు దాటగానే పబ్‌లు కిటకిటలాడేవి. పొడి ఊళ్లలో మన బెల్టుషాపుల్లాంటి దొంగచాటు అమ్మకాలు పుట్టాయి. గోర్ పట్నం పక్కన హొకొనూయి కొండల్లో స్కాట్లండ్ నుంచి వచ్చిన మెక్‌రే కుటుంబం కాచిన నాటు విస్కీ ఆ ప్రాంతానికే పేరు తెచ్చింది. నిషేధం చిన్న చిన్న ముక్కలుగా ఉన్నంతకాలం ఈ కంతలు పూడవని ఉద్యమకారులకు అర్థమైంది. దేశమంతటికీ ఒకే ఓటు కావాలన్న డిమాండ్ అక్కడి నుంచే వచ్చింది.

మన అనుభవంతో పోల్చి చూస్తే తేడా తెలుస్తుంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు రాజేసిన సారా వ్యతిరేక ఉద్యమం కూడా అంతే బలంగా ఇళ్లలోంచి పుట్టింది. కానీ 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం తెచ్చిందీ, 1997లో సడలించిందీ ప్రభుత్వాలే. న్యూజిలాండ్‌లో పార్టీలు ఈ నిప్పును తమ చేత్తో పట్టుకోలేదు. ఎన్నికల రోజునే, కానీ వేరే కాగితం మీద తేల్చుకోమని ఓటరుకే వదిలేశాయి. అభ్యర్థి ఎవరైనా ఫరవాలేదు, మద్యం సంగతి విడిగా చెప్పొచ్చు. ఈ పద్ధతి మూలంగానే ప్రభుత్వాలు మారినా ఈ ప్రశ్న దశాబ్దాల పాటు చావలేదు.

1911, 1919: గుమ్మం దాకా వచ్చి

1910 చట్టంతో దేశవ్యాప్త నిషేధంపై ప్రతి ఎన్నికల్లో ఓటు మొదలైంది. 60 శాతం నిబంధన మాత్రం అలాగే ఉంది. 1911లో నిషేధానికి 55.8 శాతం ఓట్లు పడ్డాయి. ఓటేసిన వందమందిలో దాదాపు యాభై ఆరుగురు వద్దన్నారు, అయినా మద్యం కొనసాగింది. ఒక్క నిబంధన దేశచరిత్రను ఎంతగా మలుపు తిప్పగలదో దీన్ని మించిన ఉదాహరణ దొరకడం కష్టం.

మొదటి ప్రపంచ యుద్ధకాలంలో వాతావరణం మారింది. ధాన్యం వృథా, పనిలో గైర్హాజరు, సైనికుల క్రమశిక్షణ అన్న వాదనలతో ఉద్యమానికి కొత్త ఊపొచ్చింది. 1917 డిసెంబరు నుంచి పబ్‌లు సాయంత్రం 6కే మూసేయాలని ఉత్తర్వు వచ్చింది. తర్వాత 60 శాతం నిబంధన తీసేసి సాధారణ మెజారిటీ చాలన్నారు. మద్యం వ్యాపారులకు పరిహారం ఇచ్చే షరతుతో 1919 ఏప్రిల్ 10న ప్రత్యేక పోల్ పెట్టారు. స్వదేశంలో పడిన ఓట్లు లెక్కిస్తే నిషేధం 13 వేల పైచిలుకు ఆధిక్యంలో ఉంది. తర్వాత విదేశాల్లో ఉన్న సైనికుల ఓట్లు వచ్చాయి. దాదాపు 40 వేల ఓట్లలో 32 వేలు మద్యం కొనసాగాలన్నవే. లెక్క తిరగబడి నిషేధం 10 వేల పైచిలుకు ఓట్లతో ఓడింది.

ఆ డిసెంబరులోనే మళ్లీ పోల్ జరిగింది. ఈసారి బ్యాలెట్‌లో మూడో దారి చేర్చారు: మద్యం వ్యాపారాన్ని ప్రభుత్వమే కొని నడపడం. నిషేధానికి 49.7 శాతం వచ్చాయి. మూడింటిలో అదే ముందున్నా, సగం దాటలేదు. మూడో గీతకు పడ్డ దాదాపు 6 శాతం ఓట్లే తేడా తెచ్చాయి. అదే సమయంలో అమెరికా రాజ్యాంగ సవరణతో నిషేధంలోకి దిగుతోంది. 1920ల్లో అక్కడి నుంచి వచ్చిన దొంగ సారా, ముఠాల వార్తలు న్యూజిలాండ్ ఓటరును వెనక్కి లాగాయి. 1935 నాటికి నిషేధం ఓటు 30 శాతం దగ్గరికి పడిపోయింది.

మావోరీల కట్టుబాటు

ఈ ఓట్లలో మావోరీల గొంతు చాలాకాలం లేదు. లైసెన్సు పోల్‌లో వాళ్లకు ఓటు వచ్చింది 1949లో. కానీ నిషేధం కోరడంలో వాళ్లు ముందే ఉన్నారు. భూమి హక్కులు తేల్చే కోర్టు వాయిదాల కోసం పట్నాల్లో వారాల తరబడి మకాం వేయాల్సి వచ్చేది. అక్కడ పబ్‌లోనూ దుకాణంలోనూ అప్పులు పెరిగి, చివరికి ఆ అప్పు కిందే భూమి పోయేది. అందుకే ఉత్తర దీవి నడిబొడ్డున తమ భూముల గుండా రైలు మార్గానికి ఒప్పుకునేటప్పుడు, అక్కడ మద్యం లైసెన్సులు ఇవ్వకూడదని నాయకులు గట్టిగా కోరారు. 1884లో 'కింగ్ కంట్రీ' అని పిలిచే ఆ ప్రాంతం పొడి ప్రాంతంగా ప్రకటితమైంది.

తర్వాత అక్కడ స్థిరపడిన యూరోపియన్లు పబ్‌లు కావాలని దశాబ్దాల పాటు ఒత్తిడి తెచ్చారు. రైలుకు దారిచ్చినప్పటి మాట నిలబెట్టుకోవాలని మావోరీ పెద్దలు వాదించారు. 1954 పోల్‌తో ఆ నిషేధం పోయింది. మాటిచ్చిన ప్రభుత్వం మాటను ఓటుకు పెట్టడం న్యాయమేనా అన్నది తీసిపారేయదగ్గ ప్రశ్న కాదు.

ఆరింటి మూత బీరును మార్చిన తీరు

నిషేధం ఓడినా, యుద్ధకాలపు సాయంత్రం 6 గంటల మూత 1918లో శాశ్వతమైంది. ఆస్ట్రేలియాలోనూ నాలుగు రాష్ట్రాలు 1916లో ఇదే నియమం పెట్టాయి. వాటిలో న్యూ సౌత్ వేల్స్ 1955లోనే వదిలేసింది. న్యూజిలాండ్ 1967 దాకా పట్టుకుని కూర్చుంది.

ఫలితం ఎవరూ కోరుకున్నది కాదు. ఐదింటికి పని దిగిన మగవాళ్లు గంటలోపే తాగగలిగినంత తాగేవారు. కూర్చునే తీరిక లేదు కాబట్టి కుర్చీలు పోయాయి. జనం భుజాలు రాసుకుంటూ నిలబడే బార్లు, కడగడానికి వీలైన టైల్స్ గోడలు, పైపుతో గ్లాసులు నింపే పద్ధతి వచ్చాయి. 1910 చట్టం కొత్త బార్‌మెయిడ్లను నిలిపేయడంతో బార్లు దాదాపు మగవాళ్ల కొట్టాల్లా మారాయి. తిండితో, కబుర్లతో నెమ్మదిగా తాగే అలవాటు పెరగడానికి చోటే లేకపోయింది.

పబ్ యజమానికి మాత్రం ఇది బాగానే గిట్టింది. రాత్రి 10 దాకా మనుషులను పెట్టక్కర్లేదు, వసతుల మీద ఖర్చు అక్కర్లేదు, అమ్మకం మాత్రం తగ్గదు. ఇంకో పక్క లైసెన్సుల సంఖ్య పెరగకుండా చట్టం బిగించడంతో, ఉన్న ప్రతి లైసెన్సూ బంగారమైంది. బ్రూవరీలు పబ్‌లను కొనేసి తమ బీరు మాత్రమే అమ్మేలా చేశాయి. పబ్‌లు కొనే స్తోమత లేని చిన్న బ్రూవరీకి సరుకు అమ్ముకునే చోటే లేదు. 1923లో స్పైట్స్‌తో సహా పది బ్రూవరీలు కలిసి 'న్యూజిలాండ్ బ్రూవరీస్' అయ్యాయి. 1930లో 'డొమినియన్ బ్రూవరీస్' వచ్చింది. తర్వాతి దశాబ్దాల్లో పరిశ్రమ దాదాపుగా ఈ రెండింటి చేతికే వెళ్లింది. మద్యాన్ని అణచాలని పెట్టిన ఆంక్షలే మద్యం కంపెనీల్లో పెద్దవాటిని ఇంకా పెద్దవి చేశాయన్నది ఈ చరిత్రలో అందరూ గమనించాల్సిన సంగతి.

రుచి కూడా దీన్ని అనుసరించింది. త్వరగా గొంతు దిగాలంటే బీరు చల్లగా, కాస్త తియ్యగా, చేదు తక్కువగా ఉండాలి. ఎక్కడ కొన్నా ఒకేలా ఉండాలి. డొమినియన్ బ్రూవరీస్‌కు చెందిన మోర్టన్ కౌట్స్ 1950ల్లో నిరంతర కిణ్వన పద్ధతి కనిపెట్టారు. మామూలుగా ఒక్కో తొట్టె నింపి, పులిసేదాకా ఆగి, ఖాళీ చేసి, కడిగి మళ్లీ మొదలుపెట్టాలి. ఆయన పద్ధతిలో ఒక వైపు నుంచి మాల్ట్ రసం వస్తూనే ఉంటుంది, వరుస ట్యాంకుల గుండా సాగి ఇంకో వైపు బీరుగా బయటికొస్తుంది. 1957లో పామర్‌స్టన్ నార్త్‌లో ఈ పద్ధతిలో బ్రూవరీ మొదలైంది. పాలవాన్‌లాంటి ట్యాంకర్లలో బీరు పబ్‌లకు చేరేది. గంటలో ఊరంతటికీ పోయాల్సిన దేశానికి ఇలాంటి సాంకేతికత అవసరమైంది.

ఆరింటి మూత మీద 1949లో పోల్ పెడితే దాదాపు నాలుగింట మూడొంతుల మంది ఉంచాలన్నారు. 1967 సెప్టెంబరులో మళ్లీ అడిగితే మూడింట రెండొంతులకు దగ్గరగా రాత్రి 10కి మార్చమన్నారు. రెండు పోల్‌ల మధ్య ఒక తరం మారింది. టూరిజం, రెస్టారెంట్లు, విదేశాలు చూసొచ్చిన యువత పెరిగారు.

ట్రస్టులు

పొడి జిల్లా తిరిగి మద్యానికి ఒప్పుకుంటే ఆ వ్యాపారం ఎవరి చేతికి పోవాలి? 1943లో ఇన్వర్‌కార్గిల్ ఓటర్లు లైసెన్సులు పునరుద్ధరించమన్నప్పుడు ఈ ప్రశ్న వచ్చింది. అప్పటి లేబర్ ప్రభుత్వం బ్రూవరీలకు అప్పగించడానికి ఇష్టపడలేదు. 1944లో ఓటర్లు ఎన్నుకునే ప్రతినిధులతో లైసెన్సింగ్ ట్రస్టు పెట్టింది. ఆ ఊళ్లో మద్యం అమ్మే హక్కు దానిదే, లాభం ఊరిదే. బడులకు, ఆటస్థలాలకు, సంఘాలకు ఆ డబ్బు పోతుంది. 1919లో ఓటర్లు పట్టించుకోని 'మూడో గీత' ఒక ఊరి మేరకు ఇలా అమల్లోకి వచ్చినట్టయింది. 1972లో పశ్చిమ ఆక్లాండ్‌లో పోర్టేజ్, వైతాకెరే ట్రస్టులు ఇదే నమూనాలో వచ్చాయి.

దేశవ్యాప్త నిషేధంపై చివరి పోల్ 1987లో జరిగింది. 1989 చట్టం ఆ గీతను బ్యాలెట్ నుంచి తీసేసి, సూపర్‌మార్కెట్లకు వైన్ అమ్మకం తెరిచింది. 1999లో బీరు కూడా చేరింది. అదే ఏడాది చివరి మూడు పొడి ప్రాంతాలు, అంటే ఆక్లాండ్‌లో ఈడెన్, రాస్కిల్, వెల్లింగ్టన్ పక్కన తావా, మద్యానికి ఓటేశాయి. పశ్చిమ ఆక్లాండ్ ట్రస్టుల హక్కు మాత్రం ఈ కొత్త చట్టాలతో పోలేదు. దాన్ని ఎత్తేయాలంటే నిర్ణీత సంఖ్యలో ఓటర్లు సంతకాలు చేసి పోల్ కోరాలి. ఆ పోల్‌లో నెగ్గాలి. అక్కడి సూపర్‌మార్కెట్ అరల్లో బీరు ఉండాలా వద్దా అన్నది ఇప్పటికీ స్థానిక ఓటర్ల చేతిలోనే ఉంది.